మాట నిలిపిన గుఱ్ఱము
లెర్మొంతోవ్ కావ్యమునకు వ్రూబెల్ వ్రాసిన ఒక నీటిరంగుల చిత్రమును గూర్చి

1891వ సంవత్సరమునాటికి రష్యన్ కవి మిహయీల్ లెర్మొంతోవ్ మరణించి ఏబది యేండ్లు నిండినవి. ఆ సందర్భమును పురస్కరించుకొని మాస్కోలోని కుష్నెర్యోవ్ ప్రచురణ సంస్థ ఆయన కృతులను సచిత్రముగా వెలువరించినది. రేపిన్, సూరికోవ్, పొలేనొవ్, ఐవజోవ్‌స్కీ వంటి లబ్ధప్రతిష్ఠులు పలువురు ఆ సంపుటములకు చిత్రములు వ్రాసి యిచ్చిరి. వారి నడుమ, అప్పటికి లోకమునకు అంతగా తెలియని ముప్పదియైదేండ్ల చిత్రకారుడొకడు కనబడినాడు. అతడు మిహయీల్ వ్రూబెల్. ‘డెమన్’ అను కావ్యమునకు ముఖ్యముగా చిత్రములు సమకూర్చిన వాడతడే. సంపుటములు వెలువడిన పిమ్మట పుట్టిన ఆక్షేపణలో పెద్దపాలు అతని తలపైననే పడినది. రేఖ తెలియదనిరి, మోటుదనమనిరి, బొమ్మలో ఏది ఎక్కడ నున్నదో బోధపడలేదనిరి.

ఆ ఆక్షేపణకు గురియైన చిత్రములలో నొకటి దౌడుతీయుచున్న గుఱ్ఱమును, దాని మీది రౌతును చూపునది. నల్లని నీటిరంగుతో, తెల్లరంగు మెఱుపులతో కాగితముపై వ్రాసిన ఈ చిత్రము మాస్కోలోని త్రెత్యకోవ్ చిత్రశాలలో నున్నది. దీనికి కావ్యములోని ఒక పాదమే పేరుగా నిలిచిపోయినది. గుఱ్ఱపు వేగమును లేడి వేగముతో పోల్చు పాదమది. ‘డెమన్’ చిత్రములను గూర్చి మాట్లాడువారు సామాన్యముగా ఆ పతితదేవత ముఖమును గూర్చియే మాట్లాడుదురు, లేదా 1890లో వ్రూబెల్ తైలవర్ణములలో వ్రాసిన ‘ఆసీనుడైన డెమన్’ అను పెద్ద చిత్రము దగ్గఱ ఆగిపోవుదురు. డెమన్ రూపమే లేని ఈ గుఱ్ఱపు చిత్రము వారి దృష్టిని దాటిపోవుట సహజమే. అయినను ఆ డెమన్ ఎట్టివాడో గ్రహించుటకు ఇంతకంటె మంచి చోటు ఆ చిత్రమాలికలో లేదు.

ముందుగా కావ్యమును కొంత తలచుకొనవలెను. లెర్మొంతోవ్ దీనిని 1829లో, పదునాల్గేండ్ల ప్రాయమున, మొదలుపెట్టి పదేండ్లపాటు తిరుగవ్రాయుచు వచ్చెను. 1841లో ద్వంద్వయుద్ధమున మడియు నాటికి ఇది అచ్చు కాలేదు. రష్యాలో పూర్ణరూపమున 1860లో గాని వెలుగు చూడలేదు. స్వర్గమునుండి బహిష్కృతుడైన ఒక ఆత్మ కాకసస్ పర్వతములపై ఎగురుచు, జార్జియా దేశమున గుదాల్ అను ప్రభువు ఇంట పెండ్లికూతురు తమారా నాట్యమాడుచుండగా చూచును. ఎన్నడో చచ్చిపోయినదనుకొన్న అనురాగము అతనిలో మరల మేల్కొనును. ఆమెకు వరుడుగా నిశ్చయింపబడిన సినోదాల్ ప్రభువు అదే సమయమున కానుకలు మోసిన ఒంటెల బిడారుతో కొండదారిని వచ్చుచుండును. డెమన్ తమారాను చేరుటకు మొదటి అడ్డు ఆ వరుడే.

‘డెమన్’ అను మాటకు తెనుగున సరియైన మాట దొరకదు. రాక్షసుడన్నచో కోఱలు, మాంసభక్షణము తలపునకు వచ్చును; దయ్యమన్నచో శ్మశానము వచ్చును. శాపగ్రస్తుడైన గంధర్వుడనుట కొంత దగ్గఱ, కాని పురాణములలోని గంధర్వునికి శాపావసానమను ఆశ యొకటి ఉండును. లెర్మొంతోవ్ కల్పించిన ఈ ఏకాకికి అదియును లేదు. వ్రూబెల్ సయితము తన డెమన్‌ను సైతానుగా భ్రమపడువారితో, ఆ మాటకు ఆత్మ యని అర్థమని, తాను చూచుచున్నది దుష్టత్వమును గాక దుఃఖమును, మహత్త్వమునని చెప్పుచుండెడివాడని సమకాలికులు చెప్పిరి. కావున ఇచట ఆ మాటను అట్లే యుంచుట మేలు.

వరుని ప్రయాణమున ఒక చిన్న ఘట్టమున్నది. కథకు కీలకము అందే యున్నది. దారిప్రక్క ఒక ప్రార్థనామందిరము. పగవాని చేత చచ్చి, పిమ్మట పుణ్యపురుషుడుగా పూజలందుకొన్న యొక రాజు అందు సమాధియై యుండెను. పండుగకు పోవువాడైనను, యుద్ధమునకు పోవువాడైనను, అచట ఆగి ప్రార్థించి కదలుట ఆచారము. వరుడు ఆగలేదు. చీకటిలో పెండ్లికూతురిని ముద్దాడుచున్నట్లు డెమన్ అతని మనసున ఊహలు రేపెను. ఆ ఊహల త్వరలో ఆచారము మఱపునకు వచ్చెను. కొంతదూరము పోవునప్పటికి చీకటిలో నీడలు కదలినవి, తుపాకి మ్రోగినది. వరుడు మాట మాటాడక రికాబులపై లేచి గుఱ్ఱమును ముందుకు దుమికించెను. మరల తుపాకి మ్రోగెను. అనుచరులు పాఱిపోయిరి.

ఆ తరువాత వచ్చు పద్యభాగమే వ్రూబెల్ తీసికొన్నది. అందు కవి చేసిన పని మిక్కిలి నేర్పుగలది. మొదట అతడు గుఱ్ఱమును మాత్రమే వర్ణించును. అది బుసకొట్టుచు యుద్ధమునకు పోవుచున్నట్లు పరుగెత్తును. నడుమ దౌడులోనే చప్పున ఆగి, ముక్కుపుటములు విప్పి గాలిని ఆలకించును. మరల నేలను గిట్టలతో తన్ని, చెదరిన జూలు విసరి, ఒడలు తెలియక ముందుకు దూకును. ఎనిమిది తొమ్మిది పాదములు ఇట్లు నడచిన పిమ్మట గాని దానిమీద ఒక మనుష్యుడున్నాడని కవి చెప్పడు. ఆ రౌతు మౌని. అతడు అప్పుడప్పుడు జీనుపై అదరిపడుచున్నాడు, తల జూలుపై వాలిపోయినది, పగ్గములు అతని ఆజ్ఞలో లేవు, జీనువస్త్రముపై నెత్తురు ధారలు కట్టినది. ఒస్సేతీయుని తూటా చీకటిలో అతనిని తఱిమి పట్టుకొన్నదని చిట్టచివర చెప్పును. చదువరి అంతవఱకు వేగమును చూచి ఆనందించుచుండెను. తాను ఆనందించినది ఒక శవవాహనపు వేగమని అప్పుడు తెలిసికొనును.

చిత్రకారునికి ఈ సదుపాయము లేదు. కాగితము మీద గుఱ్ఱము ముందు, రౌతు వెనుక అని వరుస యుండదు. రెండును ఒక్కసారి కంటబడును. కవి తొమ్మిది పాదములపాటు దాచినదానిని చిత్రము ఒక్క క్షణమైనను దాచలేదు. పుస్తకములకు బొమ్మలు వ్రాయువారు సాధారణముగా ఇట్టిచోట ఓటమిని ముందే ఒప్పుకొని, జరిగిన సంగతిని స్పష్టముగా చూపి తృప్తిపడుదురు. నెత్తురు కనబడును, గాయము కనబడును, కన్నులు మూతపడియుండును. చదువరికి తెలిసినదే మరల తెలియజేయబడును.

వ్రూబెల్ అట్లు చేయలేదు. అతడు రౌతును దాచుటకు చోటు వెదకెను. ఆ చోటు గుఱ్ఱపు దేహమే. చూచువాని కంటికి మొదట తగులునది గుఱ్ఱము, దాని సాగిన దేహపు ఊపు. రౌతు ఆకారము ఆ జూలులోనికి, మెడ లోనికి, వెనుకనున్న రాళ్ళ చీకటిలోనికి కరగిపోయియున్నది. ఎచట మనుష్యుడు ముగిసి ఎచట మృగము మొదలగునో వెంటనే తెలియదు. కన్ను కొంతసేపు తిరిగిన మీదట గాని ఆ వ్రాలిన తలను పోల్చుకొనలేదు. కవి కాలముతో సాధించిన ఆలస్యమును చిత్రకారుడు అస్పష్టతతో సాధించెనని ఇచట చెప్పవచ్చును. ‘ఏది ఎక్కడ నున్నదో బోధపడలేదు’ అన్న విమర్శకుడు, పాపము, సరిగానే చూచినాడు. చూచినదానికి కారణము మాత్రము విచారింపలేదు.

ఆ అస్పష్టత చేతగానితనము వలన వచ్చినదా, బుద్ధిపూర్వకముగా వచ్చినదా అను ప్రశ్నను తప్పించుకొనుటకు వీలులేదు. వ్రూబెల్ శిక్షణ ఇందుకు సాక్ష్యమిచ్చును. పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదివి, 1880లో చిత్రకళా అకాడమీలో చేరి, చిస్త్యకోవ్ అను కఠినుడైన గురువు దగ్గఱ అతడు రేఖాభ్యాసము చేసెను. వస్తువును అంచుగీతతో గాక, ఒకదానితో నొకటి కోణించు ముఖములుగా విభజించి కట్టుట ఆ గురువు పద్ధతి. రత్నమును సానపట్టినవాడు చేయు పనివంటిదది. 1884లో చదువు పూర్తిగాకుండగనే కీవ్ నగరమునకు పోయి, పన్నెండవ శతాబ్దపు సెయింట్ సిరిల్ దేవాలయమున శిథిలమైన కుడ్యచిత్రములను ఉద్ధరించు పనిలో ప్రవేశించెను. ఆ పని కొఱకే వెనిస్ వెళ్ళి బైజాంటియన్ సంప్రదాయపు గాజుముక్కల కుడ్యచిత్రములను చూచెను. చిన్నచిన్న పలకలు ప్రక్కప్రక్కన చేరి, దగ్గఱనుండి చూచినచో పగిలిన ముక్కలుగాను, దూరమునుండి చూచినచో దివ్యముఖముగాను కనబడుట అచట అతడు నేర్చిన పాఠము. గుఱ్ఱపు చిత్రములోని విఱిగిన నలుపు తెలుపు స్పర్శలు ఆ రెండు విద్యల కలయిక.

ఈ సందర్భమున మఱియొక దురభిప్రాయమును తొలగింపవలెను. వ్రూబెల్‌కు 1902లో మతిచలించిన మాట నిజము. 1906లో చూపు పోయిన మాట, 1910లో పీటర్స్‌బర్గులో మరణించిన మాట నిజము. ఆ విషాదమును వెనుకకు త్రిప్పి అతని పూర్వచిత్రములన్నింటిలోను ఉన్మాదపు జాడలు వెదకుట కొందఱికి ముచ్చట. గుఱ్ఱపు చిత్రము వ్రాసిన నాటికి అతడు ఆరోగ్యవంతుడు. మాస్కోలో సవ్వా మామొంతోవ్ అను కళాపోషకుని ఇంట ఉత్సాహముగా పనిచేయుచుండెను. రోగము పదునొకండేండ్ల దూరమున నున్నది. చేతివ్రాతను చూచి జాతకము చెప్పువారి పని విమర్శ కాదు.

తిరిగి చిత్రమునకు వచ్చినచో, రంగు లేకపోవుట ముందుగా గమనింపదగినది. కావ్యమున వరుని గుఱ్ఱము కరబాఖ్ దేశపుది. దాని వన్నె బంగారము. వరుడు బయలుదేరినపుడు కవి ఆ బంగారు వన్నెను మురిపెముతో చెప్పును. వ్రూబెల్ రంగుల విషయమున పేదవాడు కాడు. కీవ్‌లో 1886లో పారసీక తివాచీ ముందర కూర్చున్న బాలికను వ్రాసిన చిత్రము చూచినవారికి ఆ సంగతి తెలియును. అచ్చు కొఱకు వ్రాసిన చిత్రములు గనుక నలుపు తెలుపులకు కట్టువడవలసి వచ్చెననుట ఒక కారణము. కాని నిర్బంధమును అతడు అవకాశముగా మార్చుకొనెను. వరుని ఐశ్వర్యమంతయు ఆ బంగారములో నుండెను. తూటా తగిలిన తరువాత గుఱ్ఱము బంగారముగా నుండుటకు కారణము లేదు. ఇపుడది రాళ్ళ రంగు, రాత్రి రంగు. తెల్లని మెఱుపులు అచ్చటచ్చట తగిలినవి గాని అవి సొగసు కొఱకు గాదు. చీకటిలో పరుగెత్తునది క్షణక్షణము కనబడి మాయమగునట్లు అవి తోచును. గుఱ్ఱము నడుమ నడుమ ఆగి గాలిని ఆలకించుట కావ్యమున నున్నదని పైని చెప్పబడినది. చిత్రమున ఆగుటకు వీలులేదు. ఆ ఆగుటలు ఈ విఱుపులలోనికి వచ్చినవి.

గుఱ్ఱపు వేగమును చిత్రించుట యూరపు చిత్రకారులకు చాలకాలము ఒక పరీక్షగా నుండెను. ఫ్రెంచి చిత్రకారుడు జెరికో 1821లో ఇంగ్లండులోని ఎప్సమ్ పందెమును చిత్రించుచు గుఱ్ఱముల నాలుగు కాళ్ళను ముందుకు, వెనుకకు చాచి గాలిలో తేలునట్లు వ్రాసెను. 1878లో మైబ్రిడ్జ్ అమెరికాలో వరుసగా తీసిన ఛాయాచిత్రములు, పరుగెత్తు గుఱ్ఱము ఎన్నడును అట్లు కాళ్ళు చాచి తేలదని ఋజువు చేసినవి. నాటినుండి కాళ్ళ లెక్క కొందఱు చిత్రకారులకు పెద్ద చింత అయినది. వ్రూబెల్ ఆ వివాదము ముగిసిన తరువాత వ్రాసినవాడు. కాని అతని ప్రశ్న వేఱు. గుఱ్ఱము ఎట్లు పరుగెత్తుననునది కాదు, ఎవని ఇచ్ఛచేత పరుగెత్తుననునది.

కాళిదాసు శాకుంతలము చదివినవారికి మొదటి అంకము ఇచట తలపునకు రాక మానదు. అచటను వేగమున్నది, లేడియున్నది. దుష్యంతుని రథము లేడిని తఱుముచుండగా, ఆ లేడి మెడ త్రిప్పి చూచుచు పరుగెత్తుటయు, రథవేగమునకు చిన్నవి పెద్దవగుటయు కవి వర్ణించును. ఆ వేగము రాజు ఇచ్ఛకు లోబడినది. తపస్వి చేయెత్తి ఒక్కమాట చెప్పగానే బాణము దిగును, రథము నిలుచును, అందుండి ప్రేమకథ మొదలగును. లెర్మొంతోవ్ కావ్యమున ఆపవలసిన తపస్వి స్థానమున నున్నది దారిప్రక్క ప్రార్థనామందిరము. అది పిలిచినది, రౌతు వినలేదు. ఇక తరువాత ఆపువారెవరును లేరు. చిత్రములోని గుఱ్ఱము ఆ మందిరమును దాటివచ్చిన గుఱ్ఱము. ఆపదగిన చోటు వెనుకబడిపోయినదను భావము ఆ పరుగులో నున్నది.

యూరపు సాహిత్యమున ఈ పరుగునకు మఱియొక పూర్వకథ కలదు. 1773లో జర్మన్ కవి బ్యూర్గర్ ‘లెనోర్’ అను గాథ వ్రాసెను. యుద్ధమున చచ్చిన ప్రియుడు అర్ధరాత్రి గుఱ్ఱమెక్కి వచ్చి కన్యను వెనుక కూర్చుండబెట్టుకొని శ్మశానమునకు కొనిపోవుట అందలి కథ. జుకోవ్‌స్కీ 1808లో దానిని ‘లుద్మీలా’గా రష్యన్ వేషమునకు మార్చెను, రష్యన్ పాఠకులు మృతవరుని గుఱ్ఱపుస్వారిని ఆ నాటినుండి ఎఱుగుదురు. లెర్మొంతోవ్ ఆ కథను తలక్రిందులు చేసెను. ఇచట శవము లేచి గుఱ్ఱమును తోలదు. గుఱ్ఱమే శవమును మోసికొని పోవును. భయపెట్టు అద్భుతము పోయి, అంతకంటె భయంకరమైన సహజత వచ్చినది. ఇంటిదారి తెలిసిన పశువు ఇంటికి పోవుచున్నది, అంతే. తుదకు అది గుదాల్ వాకిట రాళ్ళపై కూలును. చూడవచ్చినవారు జూలును పట్టి బిగిసిపోయిన రౌతు చేతిని చూతురు. పెండ్లివిందుకు వత్తునని ఇచ్చిన మాటను ఆ రాజు తప్పలేదని కవి కఠినమైన హాస్యముతో అనును. నిజమునకు మాట నిలిపినది గుఱ్ఱము.

పీటర్స్‌బర్గు నగరమున ఫాల్కొనే పోతపోసిన పీటర్ చక్రవర్తి అశ్వవిగ్రహము 1782లో నెలకొల్పబడినది. ముందుకాళ్ళెత్తిన గుఱ్ఱము, దానిని అదుపులో నుంచిన చేయి, ముందుకు చాచిన మఱియొక చేయి. పూష్కిన్ 1833లో ఆ విగ్రహమునే ఒక కావ్యమునకు కేంద్రముగా చేసి, ఆ లోహాశ్వము సామాన్యుని తఱుముటను చూపెను. గుఱ్ఱమనగా ప్రజ, లేదా దేశము. రౌతనగా దానిని నడపు ఇచ్ఛ. రష్యన్ ఊహలో ఈ సమీకరణము బలముగా నాటుకొన్నది. వ్రూబెల్ చిత్రమున పగ్గము పట్టిన చేయి లేదు. నడపువాడు లేని నడక చూపుటచేత ఈ చిన్న కాగితము ఆ పెద్ద విగ్రహమునకు ఎదురుగా నిలువగల్గినది. చిత్రకారుడు ఈ పోలికను ఉద్దేశించి వ్రాసెనని చెప్పుట సాహసమగును. చూచువాడు పోల్చుకొనుటకు అడ్డులేదు.

రౌతు నడుపుటలేదు, గుఱ్ఱమునకు ఇంటిదారి తెలియును గాని జరిగినది తెలియదు. మఱి ఈ పరుగును నడుపుచున్నదెవ్వరు? కావ్యము చదివినవాడు బదులు చెప్పగలడు. మందిరము దగ్గఱ త్వరను రేపినవాడే ఇప్పటి వేగమునకును కారకుడు. చిత్రమున అతని రెక్క యొక్కటియు లేదు, నీడయును లేదు. అయినను చీకటియంతయు అతడే యనిపించును. కొండరాళ్ళు, గుఱ్ఱము, రౌతు ఒకే విఱుగుడు స్పర్శలతో వ్రాయబడుటచేత, ఒకే శక్తి వాటియన్నింటిని పట్టి లాగుచున్నట్లు తోచును. ప్రతీకవాదమని చెప్పబడు పద్ధతి ఇచట తన స్వచ్ఛమైన రూపమున నున్నది. ఒక బొమ్మ చేతిలో పుఱ్ఱెను పెట్టి మృత్యువని చదివించుకొనుట ప్రతీక కాదు, సంకేతము మాత్రమే. చూపబడిన వస్తువు తాను తానుగా నుండుచు, చూపబడని దానితో నిండిపోవుట ప్రతీక.

ఈ మాటకు రష్యాలో అప్పటికి ప్రచారము లేదనుట గమనింపదగినది. ఫ్రాన్సులో మొరేయాస్ 1886లో ప్రతీకవాద ప్రకటన చేసెను. రష్యాలో మెరెజ్‌కోవ్‌స్కీ ఉపన్యాసము 1892 నాటిది. బ్రియూసోవ్ ‘రష్యన్ ప్రతీకవాదులు’ అను సంకలనములు 1894లో మొదలైనవి. వ్రూబెల్ నీటిరంగులు రష్యాలోని ఈ రెండింటికిని ముందటివి. కవులు పేరు పెట్టుటకు ముందే చిత్రకారుడు పని చేసియుండెను. 1910లో వ్రూబెల్ సమాధి దగ్గఱ మాట్లాడినవాడు ఆ తరము కవులలో అగ్రగణ్యుడైన అలెక్సాందర్ బ్లోక్ అగుట ఋణము తీర్చుకొనుటవంటిది.

భారతీయాలంకారికులు దీనిని ధ్వని యనియుందురు. చెప్పిన అర్థము ద్వారమున చెప్పని అర్థము స్ఫురించి, అదియే ప్రధానమగునపుడు కావ్యము ఉత్తమమని తొమ్మిదవ శతాబ్దమున ఆనందవర్ధనుడు సిద్ధాంతీకరించెను. డెమన్ ఈ చిత్రమునకు వ్యంగ్యార్థము. అయితే ఆ సిద్ధాంతమునే గ్రహించినచో వ్రూబెల్‌పై ఒక గట్టి ఆక్షేపణ కూడ పుట్టును. వ్యంగ్యము వాచ్యము మీదనే ఆధారపడును. వెలుగు కావలసినవాడు దీపమును శ్రద్ధగా చూచుకొనవలెనని ఆనందవర్ధనుడే హెచ్చరించెను. ఇచట వాచ్యమే మసకబడినది. కావ్యమెఱుగనివాడు ఈ చిత్రమును చూచినచో ఏమి గ్రహించును? ఎవడో ఒకడు తొందరగా, బహుశః అలసి, గుఱ్ఱముపై వాలిపోవుచున్నాడనుకొనును. పెండ్లి యున్నదని తెలియదు, తూటా తగిలినదని తెలియదు. ఈ ఆక్షేపణ నిజము. ఈ చిత్రము ఒంటరిగా నిలువజాలదు. పద్యభాగము ప్రక్క పుటలోనే దానికి ప్రాణము.

మఱియొక నష్టము గూడ కలదు. సినోదాల్ ప్రభువు ఒక మనుష్యుడు. ధైర్యవంతుడు, ప్రేమికుడు, కానుకలు మోయించుకొని వచ్చిన వరుడు. డెమన్ దుఃఖమును గూర్చి వేలమంది కంటతడి పెట్టిరి. ఆ దుఃఖమునకు బలియైన ఈ యువకుని గూర్చి ఒక్కరును తలచరు. లెర్మొంతోవ్ అతనికి కొన్ని పాదములైనను ఇచ్చెను; అతని టోపీని, తుపాకిని, మౌనమును చెప్పెను. వ్రూబెల్ అతని ముఖమును చీకటికి అప్పగించెను. డెమన్ ముఖమును పదేపదే వ్రాసి వ్రాసి తృప్తిపడని చేయి, వరుని ముఖమునకు ఆ శ్రద్ధ చూపలేదు. కావ్యములో నున్న అన్యాయము చిత్రమున మఱింత పెరిగినది. ఆ చిత్రకారుని సానుభూతి ఎటువైపున్నదో ఇందువలన తెలిసిపోవును. ఈ లోపమును లోపమనియే చెప్పవలెను. గొప్పచిత్రమని తెలిసినంతమాత్రమున దానిని గుణముగా మార్చి చెప్పవలసిన పనిలేదు.

అయినను పుస్తకమునకు బొమ్మ యనగా ఏమి అను ప్రశ్నకు ఈ చిత్రము ఇచ్చు సమాధానము విలువైనది. ఆ సంపుటములకు బొమ్మలు వ్రాసినవారిలో పలువురు కవి చెప్పిన సంగతిని వేషభాషలతో, స్థలస్వరూపముతో యథాతథముగా చూపుట తమ ధర్మమనుకొనిరి. ఆ ధర్మము తక్కువది కాదు. కాకసస్ నెఱుగని చదువరికి కొండయింటి రూపమును, అంగరఖాల తీరును తెలుపుట మేలే. వ్రూబెల్ సయితము ఆ చిత్రమాలికలోనే కొన్నిచోట్ల ఆ పనికి దిగి నష్టపోయెను. డెమన్, తమారా ఎదురెదురుగా నుండి సంభాషించు చిత్రములలో, 1875లో పీటర్స్‌బర్గు రంగస్థలమెక్కిన రూబిన్‌స్టైన్ సంగీతనాటకపు నీడ కొంత పడినట్లు కనబడును. ప్రేమికుడు చేయి చాచును, ప్రియురాలు ముఖము దాచుకొనును, తెరవెనుక వాద్యములు వినబడునట్లుండును. గుఱ్ఱపు చిత్రమున అట్టిదేమియు లేదు. అచట చిత్రకారుడు కవికి దుబాసిగా నిలువక, కవితో పాటు మఱియొకమారు ఆలోచించెను. కవి గుఱ్ఱమును ముందు చెప్పి రౌతును వెనుక చెప్పుటలోని ఉద్దేశమును పట్టుకొని, దానిని తన సాధనములతో తిరిగి సాధించెను. అనువాదము చేయువారు ఈ సంగతిని ఇతరులకంటె త్వరగా గ్రహింపగలరు.

చిత్రమాలికలో దీనికి జతగా చూడదగినది ‘తమారా నాట్యము’. అదియును త్రెత్యకోవ్ చిత్రశాలలోనే కలదు. గుదాల్ ఇంట తివాచీల నడుమ, వాద్యకారుల నడుమ తమారా అడుగులు వేయుచుండును. అందఱి చూపులు ఆమె మీదనే. ఎగువన రాతికి ఆనుకొని డెమన్ నిలిచి చూచుచుండును. క్రిందివారెవ్వరును అతనిని చూడరు. ఆ చిత్రమున అతడున్నాడు, గుఱ్ఱపు చిత్రమున లేడు. అచట కేవలము చూచుచున్నవాడు ఇచట పని చేయుచున్నాడు. పని చేయువేళ అతడు కనబడడు. రెండు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టినచో దీపముల వెలుగొక వైపు, కొండచీకటి యొక వైపు నిలుచును. ఇటు వాద్యములింకను మ్రోగుచునే యున్నవి; అటు గుఱ్ఱమింకను దారిలోనే యున్నది.